నడక ఆగిన మంద: చిన్న కమతంలో గొర్రెల ఆరోగ్యం

తొలకరి పడి పది పన్నెండు రోజులైతే చాలు, గట్ల మీద లేత పచ్చిక లేస్తుంది. ఎండాకాలమంతా ఎండుగడ్డీ రాలిన ఆకూ కొరికి బతికిన జీవాలు దాని మీద పడతాయి. ఆ వారంలోనే ఏదో ఒక దొడ్డిలో తెల్లారేసరికి ఒక పిల్ల కాళ్లు చాచి చచ్చి పడి ఉంటుంది. బక్కచిక్కినది కాదు, మందలో అన్నిటికంటే బలిసినది, నిన్న సాయంత్రం తల్లి పొదుగు కుమ్మి కుమ్మి పాలు తాగినది. దిష్టి తగిలిందంటారు కొందరు, పురుగు ముట్టిందంటారు ఇంకొందరు. ఇది చిటుకు రోగం. దీన్ని తెచ్చే సూక్ష్మక్రిమి బయటి నుంచి వచ్చినది కాదు. ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లోనూ కొద్దిపాటిగా ఉంటూనే ఉంటుంది. ఒక్కసారిగా లేత పచ్చిక, ఎక్కువ పాలు, గింజ లోపలికి పోతే సగం అరిగిన పిండిపదార్థం చిన్నపేగుదాకా జారుతుంది. అది అందిన క్రిమి గంటల్లో విపరీతంగా పెరిగి విషం విడుస్తుంది. డాక్టరును పిలిచే వ్యవధి కూడా ఉండదు.

ఈ ఒక్క చావులోనే చిన్న కమతంలో గొర్రెల పెంపకం మొత్తం కనిపిస్తుంది. గొర్రెను చంపేది చాలాసార్లు ఊరి మీదికి వచ్చిపడిన కొత్త జబ్బు కాదు. దానితోపాటే ఎప్పటి నుంచో ఉన్న క్రిమి, ఎప్పుడూ తింటున్న గడ్డి, ఎప్పుడూ పడుకుంటున్న నేల, వాటి మధ్య తూకం తప్పడమే దాన్ని చంపుతుంది. ఆ తూకాన్ని పూర్వం నిలిపింది మందు కాదు, నడక.

పాలమూరు, కర్నూలు, అనంతపురం మెట్టల గొల్ల, కురుమ కాపరులు మందను ఒకచోట ఉంచేవారు కాదు. ఎండలు ముదిరితే నల్లమల వైపో, కోతలైన మాగాణి పొలాల వైపో తోలుకుపోయేవారు. రాత్రికి రైతు పొలంలో మంద కట్టేవారు, ఎరువుకు బదులు గింజలో డబ్బులో తీసుకునేవారు, రెండు మూడు రాత్రులకు ఇంకో చేనికి కదిలేవారు. నడవడం బతుకుతెరువు కోసమే. అయినా దాని చాటున మందకు నాలుగు మేళ్లు జరిగేవి: రోజుకో రకం మేత, వేసిన పెంటకు దూరంగా కొత్త నేల, పడుకోవడానికి పొడి చోటు, కొత్త పొట్టేళ్ల కలయిక. వీటిలో ఏదీ ఖర్చు పెట్టి కొన్నది కాదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

2019 పశుగణన ప్రకారం దేశంలో 7.4 కోట్ల గొర్రెలుంటే తెలంగాణలో 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం తెలుగు నేల మీదే ఉన్నాయి. ఇవన్నీ పెద్ద మందలు కావు. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక కుటుంబానికిచ్చిన యూనిట్ 20 గొర్రెలు, ఒక పొట్టేలు. మొదట్లో దాని విలువ 1.25 లక్షల రూపాయలు, అందులో 75 శాతం రాయితీగా ఉండేది. ఈ ఇరవై ఒక్క జీవాలు రోజూ అదే గట్టు, అదే చెరువు శిఖం, అదే దొడ్డి చుట్టూ తిరుగుతాయి. బీళ్లు తగ్గాయి, బోర్లు పడి మెట్టలు తోటలయ్యాయి, కాపరి పిల్లలు చదువులకు పోయారు. నడక ఆగింది సరే. అది చేసిపెట్టిన పనులు ఇక మనిషి చేతులతో చెయ్యాలి.

నట్టల లెక్క

వీటిలో అన్నిటికంటే పెద్ద పని నట్టలతోనే. గొర్రె నాలుగో కడుపులో ఉండి రక్తం పీల్చే సన్నటి ఎర్రగీతల పురుగు ఒకటుంది, హీమాంకస్. ఒక్కో పురుగు రోజుకు పీల్చే రక్తం 0.05 మిల్లీలీటరు. వినడానికి లెక్కలోది కాదు. కానీ వాన రోజుల్లో ఒక గొర్రెలో అయిదు వేల పురుగులు ఉండటం వింత కాదు. అప్పుడది రోజుకు పావు లీటరు రక్తం. పదిహేను కిలోల పిల్ల ఒంట్లో మొత్తం రక్తమే లీటరు చిల్లర. పారుడు కూడా లేకుండానే పిల్ల నీరసించి, దవడ కింద నీరు దిగి, ఒకరోజు మంద వెనకపడి కూలబడుతుంది. ‘మేత బాగానే తిన్నది, పెంట కూడా గట్టిగానే వేసింది’ అని కాపరి చెప్పేది అబద్ధం కాదు, ఈ పురుగు తీరే అంత.

ఆడ పురుగు రోజుకు అయిదు నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటతో నేలమీద పడి, వెచ్చగా తడిగా ఉంటే నాలుగైదు రోజుల్లోనే గొర్రెకు సోకగల పిల్లపురుగులవుతాయి. తెల్లవారుజామున మంచు తడి మీద ఈదుతూ గడ్డి పోచల మీదికి ఎక్కుతాయి. గొర్రె ఆ గడ్డి తిన్న మూడు వారాలకు దాని కడుపులో మళ్లీ గుడ్లు మొదలు. నడిచే మంద నాలుగో రోజుకు అక్కడ ఉండేది కాదు. అది తిరిగి వచ్చేసరికి నెలలు గడిచి, ఎండకు ఆ పురుగుల్లో చాలామటుకు మాడిపోయేవి. నిలిచిన మంద మాత్రం తాను విత్తిన పురుగునే తాను మేస్తుంది.

ఎకరమో రెండెకరాలో ఉన్నవారికి దీనికి విరుగుడు ఆ నేలలోనే ఉంది. బీడును నాలుగైదు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో మూడు నాలుగు రోజులకు మించి మేపకుండా, వదిలిన ముక్కకు అయిదారు వారాల దాకా మళ్లించకుండా ఉంటే పురుగు చక్రం తెగుతుంది. ముక్కలు చాలకపోతే మధ్య రోజుల్లో కోసిన మేత దొడ్డిలోనే వెయ్యాలి. పిల్లపురుగులు ఎక్కువగా గడ్డి అడుగున రెండు అంగుళాల్లోనే ఉంటాయి, అందుకే మేయగా గడ్డి నాలుగు వేళ్ల ఎత్తుకు తగ్గాక మందను ఆ ముక్క నుంచి తప్పించాలి. మంచు ఆరాకే మందను వదలాలని పెద్దలు చెప్పేది ఇందుకే. తుమ్మ, రేగు, సుబాబుల్, అవిశ కొమ్మలు నరికి వేలాడదీస్తే ఇంకా మేలు, నేలకు మూడడుగుల ఎత్తున నట్ట ఉండదు. పైగా ఆకుమేతలో మాంసకృత్తులు ఎండుగడ్డిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సుబాబుల్ ఒక్కటే పెట్టడం మాత్రం తగదు. మొత్తం మేతలో మూడో వంతు దాటితే అందులోని మిమోసిన్ వల్ల బొచ్చు రాలుతుంది.

చెరువు శిఖాలు, కాలువ గట్ల కింద ఇంకో ప్రమాదం ఉంది. అక్కడి నత్తల ద్వారా కార్జపు జలగ అనే కాలేయపు పురుగు సోకుతుంది. ఎండాకాలం చివర పచ్చగా కనిపించేది ఆ చోటొక్కటే కాబట్టి మంద అటే గుంజుతుంది. ఆ నెలల కోసం కంది పొట్టు, శనగ పొట్టు, వేరుశనగ కట్టె ముందే కొని దాచినవారికి ఆ గుంజులాట ఉండదు.

మరి మందు? ఏడాదికి మూడు నాలుగుసార్లు మంద మొత్తానికి నట్టల మందు తాగించడం అలవాటైపోయింది. మంచి ఉద్దేశంతో చేస్తున్నదే అయినా అది కొంత చెరుపు చేస్తోంది. గొర్రెను కంటితో చూసి ‘ఇరవై కిలోలుంటుంది’ అనుకుని మందు పోస్తారు, అది ముప్పై ఉంటుంది. చాలీచాలని మోతాదు బలహీనమైన పురుగులను చంపి మొండివాటిని మిగులుస్తుంది. మళ్లీ అదే మందు, మళ్లీ మొండివే. కొన్నేళ్లకు ఆ దొడ్డిలో ఆ మందు నీళ్లతో సమానం.

దక్షిణాఫ్రికాలో ఈ ఇబ్బంది ముదిరినప్పుడు ఫాఫా మలాన్ అనే పశువైద్యుడు ఒక సులువు చెప్పాడు. రక్తం తగ్గితే కంటి కింది రెప్ప లోపలి రంగు పాలిపోతుంది కదా, దాన్నే అయిదు మెట్లుగా పటం గీసి, పాలిపోయిన జీవాలకే మందు పొయ్యమన్నాడు. ఆ పటానికి ఆయన పేరు మీదే ఫమాచా అని పేరు వచ్చింది. మందలో నట్టల భారం సమానంగా ఉండదు. ఎక్కువ పురుగులను కొద్ది గొర్రెలే మోస్తాయి. వాటికి మాత్రమే మందు పోస్తే ఖర్చు తగ్గడం ఒక మేలు. మందు తగలని పురుగులు మిగతావాటిలో బతికే ఉండటం వల్ల మొండి పురుగులు గొర్రెలన్నిటిలో నిండకుండా ఉండటం రెండోది, అదే పెద్ద మేలు. ఇరవై జీవాలున్న దొడ్డిలో వానాకాలం పదిహేను రోజులకోసారి రెప్పలు తిప్పి చూడటానికి అరగంట పట్టదు. వెయ్యి జీవాల మందలో ఇది సాగే పని కాదు. చిన్న మందకు చిన్నతనమే బలమయ్యే చోట్లలో ఇదొకటి.

చూలు గొర్రెల విషయంలో ఒక హెచ్చరిక. చూలు కట్టిన తొలి నెలన్నరలో ఆల్బెండజోల్ అనే నట్టల మందు పోయకూడదు, కడుపులో పిల్లకు అవకరాలు వస్తాయి.

ఈనక ముందు నలభై రోజులు

పిల్లలు చచ్చిపోతున్నాయని వచ్చిన రైతును ‘తల్లికి చివరి నెలన్నరలో ఏం పెట్టావు?’ అని అడిగితే చాలాసార్లు జవాబు ఉండదు. గొర్రె చూలు కాలం దాదాపు 147 రోజులు. కడుపులోని పిల్ల పెరుగుదలలో డెబ్బై శాతం చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. అప్పుడే తల్లి కడుపులో పిల్ల చోటు ఆక్రమించి మేత పట్టే జాగా తగ్గుతుంది. అవసరం పెరుగుతుంది, తినగలిగేది తగ్గుతుంది. అందుకే ఆ రోజుల్లో బరువైన ఎండుగడ్డి కంటే కొద్దిలో ఎక్కువ బలమిచ్చే దాణా కావాలి. రోజుకు పావు కిలో చొప్పున మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క, కొంచెం ఖనిజ లవణ మిశ్రమం కలిపి పెడితే చాలు. ఇరవై గొర్రెలకు ఆరు వారాలకు రెండు క్వింటాళ్ల పైచిలుకు దాణా. దక్కిన రెండు పిల్లలు ఆ ఖర్చును తీర్చేస్తాయి.

దాణా దండగ అనుకునేవారు చూసేది గొర్రె పొట్టను, కడుపులోని పిల్లను కాదు. మేత చాలని తల్లి తన కొవ్వు కరిగించుకుంటుంది. కవలలుంటే ఆ కరుగుడే విషమై గొర్రె మందకు దూరంగా తల గోడకు ఆనించి నిలబడిపోతుంది. అది బతికి ఈనినా పిల్ల రెండు కిలోలకు లోపే ఉంటుంది, పొదుగులో పాలుండవు. ఇంకొన్నాళ్లకు ఆ పిల్ల మట్టి నాకుతూ, గోడలు నాకుతూ కనిపిస్తుంది. దానికి జబ్బు చేసిందని మందు వెతుకుతారు. ఆకలీ, లవణాల కొరతా వెరసి ఆ నాకుడు. నాకిన మట్టితో లోపలికి పోయినవాటి వల్ల వచ్చిన పారుడు తర్వాతి సంగతి.

ఖనిజ లవణాల్లో ఒక మెలకువ ఉంది. ఆవులు, గేదెల కోసం చేసిన మిశ్రమంలో రాగి ఎక్కువ. గొర్రె కాలేయం రాగిని బయటికి పంపలేక దాచుకుంటూ పోయి, ఒకనాడు ఒక్కసారిగా రక్తంలోకి వదిలేస్తుంది. గొర్రెలకని చేసినదే కొనాలి.

చిటుకు రోగపు టీకా కూడా ఈ రోజుల్లోదే. ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు తల్లికి వేస్తే దాని రక్షణ ముర్రుపాల ద్వారా పిల్లకు దిగుతుంది. అది రెండు మూడు నెలలు కాస్తుంది, ఆ తర్వాత పిల్లకు సొంతంగా వెయ్యాలి. మిగతా మందకు రోహిణి కార్తె రాకముందే వేయించాలి. టీకా పట్టడానికి రెండు వారాలు కావాలి, తొలిసారి వేసేవాటికి రెండు మూడు వారాల్లో రెండో మోతాదు కూడా కావాలి. మృగశిర వానలకు పచ్చిక లేచాక వేయించడమంటే ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడమే.

తొలి పూట

మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే కొంత రోగరక్షణ రక్తంలో చేరుతుంది. గొర్రె పిల్లకు చేరదు, మాయ పొరలు దాన్ని దాటనివ్వవు. అది ఏ రక్షణా లేకుండా నేలమీద పడుతుంది. ఆ రక్షణంతా ముర్రుపాలలో ఉంది. పిల్ల పేగు ఆ రక్షణ ప్రొటీన్లను ఉన్నవున్నట్టు రక్తంలోకి పంపగలిగేది దాదాపు ఒక రోజే, అందులోనూ మొదటి ఆరు గంటల్లోనే ఎక్కువ. తర్వాత తలుపు మూసుకుంటుంది. మూడు కిలోల పిల్లకు తొలి రోజున మూడు వందల గ్రాములు అందాలి, మొదటి విడత గంట రెండు గంటల్లోనే పడాలి. మాయ పడేదాకా పాలివ్వకూడదన్న నమ్మకం కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. ఏ టీకాతోనూ తీరని నష్టం అది.

బొడ్డు సంగతి చిన్నదే, కానీ దాని వల్ల కీళ్లు వాచి కుంటే పిల్లలు ఎన్నో. రెండు మూడంగుళాలు వదిలి కత్తిరించి, టించర్ అయోడిన్‌లో ముంచాలి. తెగిన పోగు తడినేల మీద ఈడిస్తే ఒంట్లోకి క్రిములకు దారి తెరిచినట్టే.

ఇక్కడే నడిచిన మందకూ నిలిచిన మందకూ ఇంకో తేడా. చాలా దొడ్లలో తల్లి పొద్దున మేతకు పోతే పిల్లను గంప కిందో చిన్న దడిలోనో ఉంచుతారు, తల్లి వచ్చేది పొద్దుగూకాక. కాపరికి తప్పని ఏర్పాటే అది, దారిలో పిల్లను కుక్కలు, నక్కలు ఎత్తుకుపోకుండా. కానీ ఎనిమిది తొమ్మిది గంటలు పాలు లేక, రాత్రికి ఒక్కసారిగా కడుపు పగిలేలా తాగడం చిటుకు రోగానికి పిలుపే. ఇంటి దగ్గరే మేపుకునేవారు తొలి పదిహేను రోజులు తల్లిని ఇంటిచుట్టూనే ఉంచి మూడు నాలుగుసార్లు పాలు తాగించవచ్చు. రెండు వారాలు దాటిన పిల్లకు పెద్దవి దూరలేని దడి లోపల కొద్దిగా దాణా, లేత అవిశ ఆకు, మంచినీళ్లు పెడితే దాని కడుపు మేతకు తొందరగా అలవాటు పడుతుంది. అలా పెరిగిన నెల్లూరు పిల్ల రోజుకు నూరు గ్రాముల చొప్పున పెరిగి మూడు నెలలకు పన్నెండు కిలోలు తూగుతుంది. అప్పుడు పాలు మరిపించవచ్చు.

దొడ్డి నేల తడిగా ఉంటే ఈ శ్రమంతా వృథా. మూత్రంతో కుళ్లిన నేల మీద నెల నుంచి నాలుగు నెలల పిల్లలకు రక్తపారుడు వస్తుంది, పెద్దవాటికి గిట్టల మధ్య పుండ్లు. పాత దొడ్డి మీద మట్టి తీసి సున్నం చల్లడం, వాలుగా ఎత్తు చేయడం, కుదిరితే చెక్క పలకలతో నేలకు మూడడుగుల ఎత్తున అటక వేయడం ఉపాయాలు. గిట్టల పుండ్లకు 10 శాతం జింక్ సల్ఫేట్ నీటిలో నడిపించడం మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కంటే మేలు, గొర్రెకు రాగి పడదన్న కారణమే ఇక్కడా.

సంతలో కొన్నది

నడవని మందకు జబ్బు నడిచి రాదు, లారీలో వస్తుంది. పారుడు రోగం అని పిలిచే పీపీఆర్ 1987లో తమిళనాడులోని అరసూరులో మొదటిసారి దేశంలో బయటపడింది. పశువుల ముసర వ్యాధి వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. ఆ ముసర వ్యాధిని ప్రపంచం 2011లో తుడిచిపెట్టింది, పీపీఆర్‌ను 2030కల్లా తుడిచిపెట్టాలన్నది లక్ష్యం. మన దేశంలోనే తయారయ్యే టీకా ఒక్కసారి వేస్తే మూడేళ్లు కాస్తుంది. ఇంత మంచి ఆయుధం ఉండి కూడా మందలు చస్తున్నాయంటే కారణం సంతలోంచి నేరుగా దొడ్లోకి తోలడమే. ఎండలో, ఇరుకులో, నీళ్లు లేకుండా వందల కిలోమీటర్లు వచ్చిన గొర్రె ఒంట్లో దాగి ఉన్న జబ్బు కొద్ది రోజుల్లోనే బయటపడవచ్చు. కొత్తవాటిని మూడు వారాలు వేరే దడిలో ఉంచి, నట్టల మందు పోసి, టీకాలు వేయించి, ఆ తర్వాతే కలపాలి. ఇంటిముందు చెట్టు కింద కట్టేసినా చాలు, కానీ తొట్టి వేరు, గాలి వేరు ఉండాలి.

నీలి నాలుక తీరు వేరు. సన్నటి దోమలాంటి పురుగులు మోసుకొచ్చే ఈ జబ్బు వానాకాలం చివర, చలి మొదట్లో మూతి వాచి, నోరు పుండ్లై, గిట్టలు నొప్పెట్టి జీవం నిలబడలేని స్థితికి తెస్తుంది. పొద్దు వాలాక నీళ్ల మడుగుల దగ్గర మంద ఉంచకపోవడం, దొడ్లో వేపాకు పొగ వేయడం కొంత అడ్డు. టీకా ఉంది, వానలకు ముందే వేయించాలి. జబ్బుపడ్డవాటిని పుండ్లు కడిగి, గంజి తాగించి, నీడన ఉంచితే చాలా కోలుకుంటాయి. నోరు నొప్పికి మేత ముట్టకపోవడమే వాటిని ఎక్కువగా బలి తీసుకునేది.

అంబలి పోసి బతికించిన గొర్రెల కథలు ప్రతి కాపరి దగ్గరా ఉంటాయి, అవి వినదగినవి. అలాగే ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకుండానే కడుపు పోయిన, గొర్రె మాయను ఒట్టి చేత్తో తాకకూడదన్న జాగ్రత్తా వినదగినదే. ఈసుడు రోగం మనిషికీ అంటుతుంది. ప్లాస్టిక్ కవరు చేతికి చుట్టుకునైనా తీసి, సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి. ఇలాంటప్పుడు 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఒక్క పొట్టేలు

ఇరవైకి ఒక పొట్టేలు లెక్క సరిపోతుంది, ఒకటి పాతిక ముప్పై గొర్రెలకు చూలు కట్టించగలదు. చిక్కంతా రెండో ఏడాది చివర. అప్పటికి దాని కూతుళ్లు ఎదకు వస్తాయి. నడిచే మందలు దారిలో ఒకదానితో ఒకటి కలిసేవి, రక్తం మారేది. ఒంటరి దొడ్డిలో అది మారదు. పిల్లలు చిన్నవవుతాయి, బలహీనమవుతాయి, రైతు మళ్లీ జబ్బు అనుకుంటాడు. రెండేళ్లకోసారి పక్క ఊరి దొడ్డితో పొట్టేళ్లు మార్చుకుంటే పైసా ఖర్చు లేదు. మార్చేటప్పుడు పైన చెప్పిన మూడు వారాల కట్టుబాటు పొట్టేలుకూ ఉంది, జోడిపి (నెల్లూరు గొర్రెల్లో ఒక రకం) అందం చూసి మురిసిపోయి తప్పించకూడదు.

ఇప్పుడు కవలలనిచ్చే జాతుల మీద మోజు పెరుగుతోంది. మహారాష్ట్రలోని ఫల్టన్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ దక్కని గొర్రెకు బెంగాల్ గారోల్ గొర్రెలోని కవలల జన్యువును కలిపి నారీ సువర్ణ అనే రకాన్ని తయారుచేసింది. మంచి పనే. కానీ ఒక్క పిల్లకే పాలు చాలని దొడ్డిలో రెండు పుడితే రెండూ పోతాయి. చివరి నెలన్నర దాణా పెట్టడం అలవాటైన ఇంటికే అది తగిన గొర్రె.

వీటన్నిటికీ ఉపయోగపడే పనిముట్టు ఒకటే, వేలాడే కాటా. పిల్లను గోనెసంచిలో పెట్టి నెలకోసారి తూచి పలక మీద రాసుకుంటే ఏ తల్లికి పాలున్నాయో, ఏ పిల్ల ఆగిపోయిందో, నట్టల మందు ఎంత పోయాలో తెలుస్తుంది. దసరాకు ముందు దొడ్డికొచ్చిన బేరగాడు పొట్టేలు నడుము మీద చెయ్యేసి ‘పద్దెనిమిది కిలోలు’ అన్నప్పుడు, పలక మీద ఇరవై రెండని రాసి ఉంటే ఆ నాలుగు కిలోల ధర కూడా ఇంట్లోనే ఉంటుంది.